కన్వర్టర్‌కు కట్టిన తీగ

మా బండల క్వారీలో పాత లోడరు ఇంజను మరమ్మతుకు దించిన రోజు నేను నులకమంచం తెచ్చి దాని ఎదురుగానే వేసుకున్నాను. యాడికి ఊరి చుట్టుపక్కల క్వారీల వాళ్లమంతా అంతే. మెకానిక్కు పని చేస్తుంటే కదలకుండా కూర్చుంటాం, మంచి సామాను పోయి పాతది వస్తుందని భయం. నేను ఇంకొంచెం ముందుకు పోయి, నా కూతురి గోళ్లరంగు సీసా తెచ్చి, పంపుకూ డైనమోకూ స్టార్టరుకూ ఎర్రచుక్కలు పెట్టాను.

గుత్తి నుంచి వచ్చిన మెకానిక్కు ఆ చుక్కలు చూశాడు.

"ఏమన్నా, ఇంజనుకు పెండ్లి చేస్తాండావా?"

"గుర్తుకు పెట్టినాలేప్పా."

"నాకూ ఒకటి పెట్టు. సాయంత్రం ఇంటికి నేనే పోతానో, మారిపోతానో."

ఇంజనును ఎత్తే చైన్ పుల్లీ లాగడానికి తోడొచ్చిన అతని బామ్మర్ది పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వించేవాణ్ణి ఎక్కువ కనిపెట్టి ఉండాలని నా లెక్క.

ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అంతకుముందు ఎండాకాలం కుందుర్పి రైతుకు నా ట్రాక్టరు అమ్మినప్పుడు, ఇంజను పగులుకు లప్పం పెట్టి పైన రంగు పూసింది నేనే. ఆయన బండి చుట్టూ తిరిగి, చివరికి నా ముఖం చూసి, "నీ మాట మీదనే తీసుకుంటాండా" అన్నాడు. అప్పటినుంచి ఎవరు వంగి పని చేస్తున్నా వాళ్ల చేతుల్లో నా చేతులే కనబడతాయి.

ఆ లోడరుకు మామూలు క్లచ్చు లేదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ టార్క్ కన్వర్టర్ ఉంటుంది. గుమ్మడికాయంత ఇనుప గుండు, కడుపునిండా నూనె. ముందు దాన్ని ఇంజను నుంచి విడదీయాలి. బోల్టులేమో అరచెయ్యి పట్టని కంతలోంచి ఒక్కొక్కటే అందుతాయి. బామ్మర్ది అవతలినుంచి కడ్డీతో ఇంజనును కొంచెం కొంచెం తిప్పుతుంటే, కంతకు ఎదురొచ్చిన బోల్టును మెకానిక్కు ఊడదీశాడు. అన్నీ అయ్యాక, నా వైపు వీపు పెట్టి, కంతలోకి కట్టుతీగ దూర్చి ఏదో బిగించాడు. పైన రేకుమూత పెట్టేశాడు.

"ఏం కడతాండావప్పా?"

"కన్వర్టర్‌నన్నా. అది గేర్‌బాక్సుతోనే ఉండిపోవల్ల."

"విప్పేకి పిలిస్తే కడతాండావే."

"కట్టకపోతే నీకే తెలుస్తాది."

అది నాకు బెదిరింపులా వినిపించింది. ఇంకో రోజు కూలి కోసం ఇంజను రాకుండా కట్టేసి, పొద్దుగూకేసరికి "రాలేదన్నా, రేపు క్రేను పిలుద్దాం" అంటాడని ఊహించుకున్నాను. వాళ్లిద్దరూ తుమ్మచెట్టు కింద సద్ది విప్పుకున్నప్పుడు మూత తీసి, కటింగ్ ప్లేయరుతో తీగ తెంచాను. మూత మళ్లీ పెట్టి మంచమెక్కాను.

తిన్నాక బామ్మర్ది గొలుసు లాగాడు, మెకానిక్కు ఇంజనును గేర్‌బాక్సు నుంచి దూరం జరిపాడు. తుప్పుకు అంటుకుపోయిన కన్వర్టర్ కూడా ఇంజను వెంబడే వచ్చింది. గేర్‌బాక్సు ఇరుసు దాటగానే జారి కింద పడింది. బామ్మర్ది కాలు వెనక్కి లాక్కున్నాడు కాబట్టి పాదం దక్కింది. రాతిపొడి మీద నూనె పాకింది. గేర్‌బాక్సు మూతి దగ్గర సీలు చినిగి వేలాడింది.

మెకానిక్కు ముందు బామ్మర్ది కాలు తడిమి చూశాడు. తరవాత తీగ ముక్క ఏరి దాని కొస చూశాడు.

"ఇది తెగలేదు. కోసినారు."

నా వైపు చూడలేదు. బామ్మర్ది వైపు చూశాడు.

"సద్ది క్యారియరు పిడికి తీగ కావాలంటివి కదరా పొద్దున?"

"నేను ముట్టలేదు బావా."

"పోయినసారీ ఇదే మాట అంటివి. మీ అక్క మొగం చూసి పెట్టుకున్నా. ఇంక నా యంబడి రావద్దు."

ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. అది రాయకపోతే మిగతాదంతా రాసీ దండగ. బామ్మర్ది చెప్పులు తొడుక్కుని రోడ్డువైపు నడిచాడు. ప్లేయరు నా తొడ కింద గుచ్చుకుంటోంది. అతను గేటు దాటేదాకా చూస్తూ కూర్చున్నాను. అప్పుడు లేచాను.

"కోసింది నేనప్పా."

"ఎందుకన్నా?"

"మోసం చేస్తాండావనుకుంటి."

మెకానిక్కు నన్ను తిట్టలేదు. "ఆ మాట వానికి చెప్పుపో" అన్నాడు.

మోటారుసైకిల్ మీద పోయి రోడ్డుమీద బామ్మర్దిని పట్టుకున్నాను. చెప్పిందంతా విన్నాడు.

"నా కాలు పోయింటే?"

"తప్పు నాదే. రాప్పా."

"నువ్వు పిలిస్తే రాను. మా బావ పిలవల్ల."

ఫోను కలిపి ఇచ్చాను. అవతలినుంచి "రారా" అన్న ఒక్క మాట వినిపించింది. అతను బండెక్కాడు.

మేం తిరిగొచ్చేసరికి మెకానిక్కు నా మంచాన్ని నీడలోంచి లాగి, గొలుసుకు ఎదురుగా ఎండలో వేసి ఉన్నాడు.

"ఈడ కూర్చో అన్నా. మాకు కనపడేట్ల."

బామ్మర్ది చెయ్యి చాపాడు. ప్లేయరు ఇచ్చేశాను. ఇంజను నేల మీదికి దిగేదాకా అక్కడే కూర్చున్నాను. గొలుసు పట్టుకునే ముందు ప్రతిసారీ ఇద్దరూ నా చేతులవైపు చూశారు.