మడి కట్టిన కారు

దయ్యాల మీద నమ్మకం లేదంటూ మొదలుపెట్టి, చివరికి దయ్యం కథే చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. స్టాఫ్ రూములో అలాంటివి ఎన్ని విన్నానో లెక్కలేదు. ఇప్పుడు నేనూ ఆ మాటతోనే మొదలుపెట్టాల్సి వస్తోందంటే ఎంత చిన్నతనంగా ఉందో మీరే ఊహించుకోండి. నేను తిరువూరులో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. బలం ప్రయోగించకపోతే కదలకుండా ఉన్న వస్తువు కదలదని ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను.

మా ఇంట్లో ఒక వస్తువు కదిలింది. అదీ నా గొడవ.

మా నాన్న పురోహితుడు. ఎ.కొండూరు నుంచి వినగడప దాకా పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, వ్రతాలు చాలావరకు ఆయన చేతి మీదే జరిగేవి. తిరగడానికని ఒక సెకండ్ హ్యాండ్ ఎయిట్ హండ్రెడ్ కొన్నారు. వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే తెల్లటి చిన్న కారు. అప్పట్లో మా వీధి మొత్తానికి అదొక్కటే కారు.

దానికి ఆయన మడి కట్టారు. వేళాకోళం ఆడటం లేదు, నిజమే చెబుతున్నాను. తెల్లవారుజామున స్నానం చేసి, మడిపంచె కట్టుకుని కార్యానికి బయలుదేరే మనిషి దారిలో ఎవరినీ తాకకూడదు. బస్సులో అది కుదరదు, సొంత కారులో కుదురుతుంది. అందుకని ముందు సీట్లు రెండూ మడి. ఒకదానిలో ఆయన, రెండోదానిలో పంచాంగం, పూజసామాను సంచీ. వెనక సీటుకి ఆ పట్టింపు లేదు కాబట్టి అది అమ్మకీ నాకూ. తమ్ముడికి ఒడుగు అయ్యాక వాడు మాత్రం ముందుకు మారాడు. వాడికి పద్దెనిమిది నిండగానే డ్రైవింగు కూడా నేర్పారు. నేను వాడికంటే మూడేళ్ళు పెద్దదాన్ని. నాకూ నేర్పమని అడిగితే, "నీకెందుకమ్మా ఆ స్టీరింగు" అన్నారు. అంతటితో సరి.

ఇదంతా ఒక ఎత్తు, పదో తరగతి లెక్కల పరీక్ష ఒక ఎత్తు. ఆ పొద్దున్నే నేను బయట చేరాను. ఆ మూడు రోజులూ వెనక సీటు కూడా నాది కాదు. పరీక్ష సెంటరు రెండు కిలోమీటర్లు. కారు వాకిట్లో ఉంది, తాళాలు మేకుకి వేలాడుతున్నాయి, నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను నడిచి వెళ్ళాను. అమ్మ గొడుగు పట్టుకుని నాలుగడుగుల ఎడంగా వెంట నడిచింది. గొడుగు నీడ మా ఇద్దరిలో ఎవరి మీదా సరిగా పడలేదు. మార్కులు బాగానే వచ్చాయి, అది వేరే సంగతి. ఆ నడక నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

నాన్న చెడ్డవాడని అనను. బీఎస్సీ చదివించారు, బీఈడీ చదివించారు. నేను పెళ్ళి వద్దంటే ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించింది ఆయనే. కానీ పోయేదాకా నన్ను ఆ ముందు సీటులో కూర్చోనివ్వలేదు.

ఆయన పోయాక కారు నాలుగేళ్ళు రేకుల షెడ్డులో మూలుగుతూ ఉంది. విజయవాడ నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట. "అక్కా, ఆ డొక్కుని తుక్కుకి ఇచ్చేయ్. ఎవరు నడుపుతారు దాన్ని?"

"నేను" అన్నాను ఒకరోజు.

నవ్వాడు. ఆ నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికే డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తీసుకుని ఉన్నాను. ఆ ఏడు వేసవి సెలవులు ఇవ్వగానే షెడ్డు తలుపులు బార్లా తీశాను.

మెకానిక్ మస్తాన్ గారిని పిలిపించాను. నాన్న ఉండగా కారుకి మరమ్మతులు చేసింది ఆయనే. వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మేడం, ఇంట్లో మగవాళ్ళెవరన్నా ఉంటే పిలవండి. బండి సంగతి మాట్లాడాలి" అన్నారు.

"అమ్మా నేనే ఉంటామండి. బండి నాది. నాతోనే మాట్లాడండి" అన్నాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ మాట అనలేదు. పనిమంతుడు కూడా.

కింద రేకు చెయ్యి దూరేంతగా తుప్పు తినేసింది. మస్తాన్ గారు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశారు. ఉప్పుకాగితం పెట్టి తుప్పంతా గీకింది నేను. కార్బురేటర్ విప్పి కడిగింది నేను. ఏ బోల్టు ఎక్కడిదో కాగితం మీద రాసి డబ్బాల్లో వేసింది నేను. వెనక స్ప్రింగులు రెండూ కొత్తవి వేశాక, చక్రానికీ పైరేకుకీ మధ్య ఖాళీ రెండు వైపులా స్కేలు పెట్టి కొలిచాను. సమానంగా ఉంది. నెల తిరిగేసరికి గోళ్ళలో గ్రీజు సబ్బుకి కూడా లొంగడం మానేసింది.

సీటు దగ్గర మొదలైంది అసలు తంటా.

నేను అయిదడుగుల మనిషిని. నాన్న ఆరడుగులు. డ్రైవరు సీటు ఆయన జరుపుకున్న చోటే, సీటు కింది పట్టాల వెనక చివర, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అక్కడ కూర్చుంటే నాకు క్లచ్ అందదు. రెండు రోజులు కిరసనాయిలు పోసి నానబెట్టి, గ్రీజు పట్టించి కదిలించాను. పట్టాకి తొమ్మిది పళ్ళున్నాయి. ముందు నుంచి లెక్కపెడితే నాన్నది తొమ్మిదోది, నాకు సరిపోయింది మూడోది. మూడో పన్నులో పడేశాను. టక్కుమని పడింది.

మర్నాడు పొద్దున్న చూస్తే తొమ్మిదోదానిలో ఉంది.

పన్ను సరిగా పడలేదేమో అనుకున్నాను. మళ్ళీ మూడులో పెట్టి, రెండు చేతులతో లాగి చూసి మరీ వెళ్ళాను. మర్నాడూ తొమ్మిదే. నేల వెనక్కి వాలుగా ఉందేమోనని రసమట్టం పెట్టి చూశాను. వాలు ముందువైపుకి ఉంది. అంటే సీటు జారినా ముందుకే జారాలి. పట్టా మీద గోళ్ళరంగుతో గుర్తు పెట్టాను, షెడ్డుకి తాళం వేసి చెవి మెడలో గొలుసుకి తగిలించుకున్నాను. పొద్దున్నకి గుర్తు ఒకచోట, సీటు ఒకచోట.

అమ్మని అడిగాను. మోకాళ్ళ నొప్పులతో పీట మీద నుంచి లేవడానికే అవస్థపడే మనిషి. "నాకింకేం పని లేదటే" అని విసుక్కుంది. తమ్ముడి మీద అనుమానపడదామంటే వాడు ఊళ్ళోనే లేడు.

మస్తాన్ గారు పళ్ళు అరిగాయేమో అన్నారు. తుక్కులో వేసిన ఇంకో కారు నుంచి మంచి పట్టాలు తెచ్చి బిగించారు. ఆయన భారీ మనిషి. మూడో పన్నులో పెట్టి, కూర్చుని, రెండు కాళ్ళూ ముందుకు తన్నిపెట్టి బలంకొద్దీ వెనక్కి నెట్టారు. ఇసుమంత కూడా కదలలేదు.

పొద్దున్న ఇద్దరం కలిసే తాళం తీశాం. తొమ్మిది.

ఆయన గొంతు తగ్గించి, "మేడం, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. పెద్దాయన సీటు అలాగే ఉంచేద్దాం. మీరు వీపు వెనకాల ఒక దిండు పెట్టుకోండి" అన్నారు.

దిండు పెట్టుకోవాలట. నెలకు పైగా ఎండలో మాడి బాగుచేసుకున్న కారులో, నేను దిండు పెట్టుకుని సర్దుకోవాలట. ఆయన మంచికే చెప్పారు, నాకు తెలుసు. కానీ పుట్టినప్పటి నుంచి విన్నది అదే. సర్దుకో, జరుగు, నడువు, తాకకు. ఆయన్ని పంపించేసి, పొద్దున్న పదకొండు గంటలప్పుడు, పట్టపగలు, ఖాళీ సీటుకి ఎదురుగా నిలబడి నేను అరిచాను. సైన్స్ టీచరు చెయ్యాల్సిన పని కాదని తెలిసే అరిచాను.

"ఇంకా కావాలా నాన్నా మీకీ సీటు? పరీక్షకి నడిపించారు, నోరెత్తలేదు. తమ్ముడికి నేర్పి నాకు లేదన్నారు, నోరెత్తలేదు. ఈ రేకు గీకింది నేను, దీనికి ప్రాణం పోసింది నేను. దిండూ గిండూ నేను పెట్టుకోను. కారు ఎక్కాలనుంటే మీరే వెళ్ళి వెనక కూర్చోండి."

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ. "పోయిన మనిషిని అలా అంటావేంటే" అంది.

"ఉన్నప్పుడు అనలేకపోయానమ్మా" అన్నాను. ఏడుపొచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

సీటు మూడో పన్నులో పెట్టి తాళం వేశాను. మర్నాడు మూడులోనే ఉంది. ఆ మర్నాడూ, వారం తర్వాతా మూడులోనే ఉంది. సంతోషించాలి కదా? నాకు ఇంకా కోపం వచ్చింది. ఒక్క మాటకి వదిలే సీటే అయితే ఇన్నేళ్ళూ ఎందుకు పట్టుకుని కూర్చున్నట్టు?

రంగు వేయించాను, కాగితాలు సరిచేయించాను. స్కూళ్ళు తెరవడానికి రెండు రోజుల ముందు, పెనుగొలనులో ఉన్న పిన్ని ఇంటికి అమ్మను తీసుకుని బయలుదేరాను. నా కారులో నా మొదటి ప్రయాణం. ముందు తలుపు తీసి కూర్చోమన్నాను. అమ్మ ఆ సీటు వంక చూసింది, కానీ ఎక్కలేదు. అలవాటు కొద్దీ నా వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. పోనీలే అనుకున్నాను.

తలుపు తీసి, లోపలికి వంగి, "కాస్త జరగండి" అంది.

ఒక క్షణం ఆగి ఎక్కి కూర్చుంది. సరిగ్గా నా వెనక, కుడి పక్క తలుపుకి ఒదిగి.

"ఎవరిని జరగమన్నావమ్మా?"

"ఎవరిని? నేనేమీ అనలేదే" అంది. మా అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను చెవులారా విన్నాను.

ఊరి చివర గాలి కొట్టించడానికి ఆపాను. కొట్టే అతను కారు వెనకాల నిలబడి చూసి, "మేడం, ఎడంపక్క వెనకాల కుంగిందండి. డిక్కీలో బరువేమన్నా పెట్టారా?" అన్నాడు. డిక్కీ ఖాళీ. టైర్లలో గాలి సమానంగానే ఉంది. దిగి చూశాను. కుడి పక్క చక్రం పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటే, ఎడంపక్క మూడు వేళ్ళు కూడా దూరలేదు. నేను దిగాక కూడా కారులో ఉన్న ఒక్క మనిషి కుడి పక్కనే కూర్చుని ఉంది. కుంగితే కుడి పక్క కుంగాలి. సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మ దిగాక స్కేలు పెట్టి కొలిచాను. రెండు వైపులా సమానం. స్ప్రింగులు విప్పించి మళ్ళీ చూపించాను. మస్తాన్ గారికి ఏ లోపమూ కనిపించలేదు.

పిల్లలకు ఇదే లెక్క ఇస్తే ఏం జవాబు రాస్తారో నాకు తెలియదు. నాకైతే ఈ రోజుకీ జవాబు దొరకలేదు. దొరికినట్టు నటించను. ఆ పరీక్ష రోజు గురించి నాన్న ఇప్పటికీ ఒక్క మాట చెప్పలేదు. నేనూ క్షమించలేదు.

కాకపోతే పెనుగొలను దారి గతుకుల దారి. ఆ కారులో వెనక కూర్చున్నవాళ్ళకి ప్రతి గతుకూ నడుములోకి దిగుతుందని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ రోజు గుంట కనిపించిన చోటల్లా బ్రేకు మీద కాలు వేసి, మెల్లగా దింపి, మెల్లగా ఎక్కించాను. ఎవరి కోసమని అడిగితే అమ్మ కోసమనే చెబుతాను.