నా కారులో ఖాళీగా వెళ్ళిన సీట్లు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. చాలా ఏళ్ళుగా గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. మా ఆయనకి తెలియదు, పిల్లలకి తెలియదు, ఎవరికి అన్యాయం చేశానో ఆమెకి అసలే తెలియదు. ఆమె ఇప్పటికీ నన్ను అక్కా అనే పిలుస్తుంది. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా లోపల చురుక్కుమంటుంది.

ముందు మా వార్డు సంగతి చెప్పాలి. ఇంగ్లండ్‌లో, లీసెస్టర్‌లో మేముండే చోట కౌన్సిల్ ఎన్నికలంటే ఎవరికీ ఉత్కంఠ ఉండదు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒకే పార్టీ, మా పార్టీయే, గెలుస్తోంది. అంతకు ముందూ అదేనట. అభ్యర్థులు మారారు, ముసలివాళ్ళయ్యారు, ఒకాయనైతే ఒక్క గడపా తొక్కకుండానే గెలిచాడు. ఓడిపోయే పార్టీవాళ్ళు లెక్కింపు హాలుకి వచ్చి, మాతో కలిసి టీ తాగి, ఫలితం చదవకముందే కోట్లు తొడుక్కుని ఇళ్ళకి బయల్దేరేవారు. కాబట్టి అసలు పోటీ ఎన్నికలు జరిగే మే నెలలో ఉండదు. దానికి ముందు చలికాలంలో సెలక్షన్ మీటింగ్ అని మా పార్టీ సభ్యులు ఒక హాలులో కూర్చుని అభ్యర్థిని ఎన్నుకుంటారు. ఆ పూట హాలుకి వచ్చినవాళ్ళకే ఓటు. అక్కడ గెలిస్తే కౌన్సిలర్ అయిపోయినట్టే. పార్టీలో తిరిగేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఇక్కడి మన తెలుగు ఆంటీలకి, అంకుల్స్‌కి తెలియదు. పార్టీ సభ్యత్వం ఉన్నా, వాళ్ళ దృష్టిలో ఎన్నికంటే మేలో వేసే ఓటే.

వనజను పార్టీలోకి తీసుకొచ్చింది నేనే. కరీంనగర్ అమ్మాయి, ఆసుపత్రిలో ఉద్యోగం, మా వీధిలోకి అద్దెకొచ్చింది. కరపత్రం తలుపుకుండే లెటర్‌బాక్స్ సందులో వేసేటప్పుడు వేళ్ళు లోపలికి పోనీయకు, తలుపు వెనక కుక్కలుంటాయని నేర్పింది కూడా నేనే. నేను తలుపు తడితే జనం కాగితం అందుకుని తలుపేసేవారు. ఆమె తడితే లోపలికి రమ్మనేవారు. నా ఇంగ్లీషు శుభ్రంగా ఉంటుందని నేను మురిసిపోతుంటే, ఆమె తన యాసతోనే గడగడా మాట్లాడేసేది, వాళ్ళు నవ్వేవారు, ఆమె నవ్వేది, చివరికి ఇంట్లో తడిసిన గోడ దగ్గర నుంచి మోకాళ్ళ నొప్పి దాకా అన్నీ ఆమెతో చెప్పుకునేవారు. ఏళ్ళ తరబడి వానలో తిరిగిన నా పేరు మా బ్రాంచి చైర్మన్‌కి ఏనాడూ నోరు తిరగలేదు. ఆమె పేరు మొదటి వారమే వచ్చేసింది. ‘ఆ అమ్మాయిలో ఏదో ఉంది’ అని మా ఆయన కూడా అన్నారు. ఆ వారమంతా ఆయనతో ముభావంగానే ఉన్నాను.

మా వార్డు కౌన్సిలర్ సీటు ఖాళీ అయినప్పుడు పార్టీలో ఆమెను నిలబడమన్నారు. నన్నెవరూ అడగలేదు. నేను నిలబడతానని చెప్పానా? లేదు. చెప్పకుండానే పిలవాలని బిగుసుకుని కూర్చున్నాను. అది ఆమె తప్పా? కాదని అప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరుతుందా?

ఆమెది ఒక్కటే కోరిక. మా కమ్యూనిటీ హాలులో పెద్దవాళ్ళకి వారం వారం జరిగే మధ్యాహ్న భోజనాలు కౌన్సిల్ ఆపేస్తుందని అప్పట్లో అనుకునేవారు. వాటిని ఆపకుండా చూడాలని. ఆ భోజనాలకి వచ్చే పెద్దవాళ్ళే ఆమె బలం. వాళ్ళని సెలక్షన్ మీటింగ్‌కి కారులో తీసుకొచ్చే పని నాకు అప్పజెప్పింది. నువ్వుంటే నాకు బేఫికర్ అక్కా అంది.

ఆ రోజు పొద్దున సావిత్రి ఆంటీ ఫోన్ చేశారు. భోజనాల దగ్గర అందరికీ పెద్దదిక్కు ఆవిడే. బయట సన్నగా వాన.

“ఈ వానలో రావాలంటావా అమ్మా? మోకాళ్ళు పట్టేశాయి.”

“ఎందుకాంటీ, మనది సేఫ్ సీటే కదా. ఎప్పుడూ మనవాళ్ళే గెలుస్తారు.”

“అయితే వనజకేం ఢోకా లేదంటావ్.”

“హాయిగా ఇంట్లో ఉండండి. మిగతావాళ్ళకి కూడా మీరే చెప్పేయండి.”

“నా తల్లే, మామీద నీకెంత శ్రద్ధే!”

చూశారా, సీటు గురించి నేనన్నది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఎన్నాళ్ళు నన్ను నేను సముదాయించుకున్నానో.

ఖాళీ కారుతో హాలుకి వెళ్ళాను. వనజ బాగా మాట్లాడింది. మాట్లాడుతూనే మాటిమాటికీ తలుపు వైపు చూసింది. ఓడిపోయింది. తేడా నా కారులో పట్టేంత మందే. నా ఓటు మాత్రం ఆమెకే వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆమెను ఇంటి దగ్గర దింపింది కూడా నేనే. “వానల పెద్దోళ్ళను రమ్మన్నందుకు తప్పు నాదే అక్కా, నువ్వేం జేస్తవ్” అంది. భుజం తట్టాను. మీతో అబద్ధమెందుకు? ఆ క్షణంలో నాకు సంతోషమేసింది. ఆమె దిగి వెళ్ళాక ఏడుపొచ్చింది, కానీ సంతోషమే ముందొచ్చింది.

మేలో మా పార్టీ ఎప్పటిలాగే గెలిచింది. గెలిచినాయన భోజనాల గురించి నోరెత్తలేదు. మరుసటి చలికాలానికి భోజనాలు ఆగిపోయి కమ్యూనిటీ హాలుకి తాళం పడింది. సావిత్రి ఆంటీ ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లో కిటికీ పక్కన కుర్చీలోనే ఉంటారు. వాన వల్ల రాలేకపోయామనే ఆవిడ వనజతో చెప్పారు, నా మాట ఎత్తలేదు. అర్థమై ఊరుకున్నారా? ఏమో. మళ్ళీ ఎప్పుడూ నన్ను నా తల్లే అనలేదు.

మొన్న సీటు మళ్ళీ ఖాళీ అయింది. వనజ పరుగున వచ్చింది. “ఈసారి నువ్వే నిలవడాలక్కా. పెద్దోళ్ళను నా కార్ల నేను తీస్కొస్త” అంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పిలుపు, వచ్చింది ఆమె నోటి నుంచే. వద్దన్నాను. అక్కకి పదవుల మీద ఆశ లేదు, పెద్ద మనసు అని ఇప్పుడు అందరికీ చెబుతోంది. అది విన్నా నాకు ఈర్ష్యే. ఇంకొకరిని అలా మెచ్చుకోగలగడం ఆమెకి ఎలా వచ్చింది? నాకెందుకు రాలేదు?

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది ఆమెను, ఆ ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఒక్క మాట ఎక్కడైనా రాసి పెడితే ఊపిరి ఆడుతుందనిపించింది. ఆ రోజు వాళ్ళు రాకపోవడానికి కారణం వాన కాదు. రావద్దని నేనే చెప్పాను.