ఎండిన మొక్కను తెర మీద చూపించాలా, వద్దా?

టీవీలో తోటల కార్యక్రమానికి మాటలు రాస్తున్నాను. ఎండిన మొక్క కనిపించే భాగం తీసేయమని మా నిర్మాత పట్టుబడుతున్నారు. ఆయనతో వాదించి అలిసిపోయాను, అందుకే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

షట్టర్ ఉన్న టీవీ పెట్టె, గడప పక్కన డాల్డా డబ్బాలో గులాబీ మీ ఇళ్లలోనూ ఉండేవి కదా? బోయిగూడ బస్తీలో మా ఒంటిగది ఇంట్లోనూ అవే. తెర మీది అక్షరాలు అమ్మకు నేనే చదివిపెట్టేదాన్ని, ఇంట్లో బడికెళ్లింది నేనొక్కదాన్నే. వారం వారం వచ్చే తోటల కార్యక్రమంలో పట్టుచీర యాంకరమ్మ మొక్కకు రోజూ బకెట్ నీళ్లు పోయమనేది. బియ్యం కడిగిన నీళ్లు దాచి పోసే అమ్మ టీవీతోనే కొట్లాడేది.

"బకెటా? మీ ఇంట్ల నల్లా రోజూ వస్తదేమో తల్లీ! మా దిక్కు రా జెర!"

ఒకసారి మా గులాబీ ఎండిపోయింది. అమ్మ చెయ్యి మంచిది కాదని పక్కింటివాళ్లు అన్నారు. ఆ వారం యాంకరమ్మ తన ఎండిన మల్లెను చూపించి, "నాదీ బతకలేదండీ, ఎందుకో తెలీదు" అంది.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. "ఏందీ, ఆమెది సుత సచ్చిందా? గట్లయితే నా చెయ్యి మంచిదే బిడ్డా!"

మర్నాడే కొత్త కొమ్మ నాటింది.

చూసేవాళ్లకు పచ్చదనమే కావాలంటారు మా నిర్మాత. శుక్రవారం తేల్చేస్తారు. మీ ఇళ్లలో ఎండిన మొక్కనూ చూడాలనుకునేవారో, పచ్చదనమే కోరుకునేవారో గురువారంలోగా ఇక్కడ రాయండి. ఆయనకు చదివి వినిపిస్తాను.