మూడుసార్లు ఆగిన డ్రిల్లు

ఇది ఇప్పుడు రాసిపెట్టకపోతే పదిమంది నోళ్లలో పడి దయ్యం కథ అయిపోతుంది. ఇప్పటికే కంప్లిలో ఒకాయన నా కారుకు నిమ్మకాయ కట్టుకోమన్నాడు. నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. పదో తరగతితో బడి మానేసినా, కురుగోడు గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాణ్ణి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా ఎడమ కాలు చిన్నప్పటి నుంచి పనిచేయదు. క్లచ్ తొక్కలేను కాబట్టి పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. నా భార్య సరోజ జాకెట్లు కుడుతుంది. ఇద్దరం సిరిగేరి దాకా ఊరూరూ తిరిగి కొలతలు తీసుకుంటాం, కుట్టినవి ఇచ్చి వస్తాం. కారు ఆగితే మా బతుకు ఆగినట్టే.

మొన్న వేసవిలో గేరు మారేటప్పుడు కారు కుదపడం మొదలుపెట్టింది. గేర్‌బాక్స్ ఆయిల్ నల్లబడింది. ఇంజనుకు ఉన్నట్టు దాని అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం లాంటి ప్యాన్‌కు, ఆయిల్ వదిలే డ్రైన్ ప్లగ్ లేదు. ఆయిల్ మార్చాలంటే ప్రతిసారీ ప్యాన్ మొత్తం విప్పాలి. బళ్లారి మెకానిక్ ఒకాయన, "దాని జోలికి పోవద్దప్పా" అన్నాడు. ఒక్కసారి విప్పి ప్లగ్ పెట్టించుకుంటే చాలని నేను గ్రంథాలయం పుస్తకంలో చదివాను.

మా ఊళ్లో వెల్డింగ్ షాపు నడిపే మస్తాన్ ఒప్పుకున్నాడు. నేను కారు కింద పడుకుని ప్యాన్ విప్పాను. ఫిల్టర్ పైన గేర్‌బాక్స్‌కే ఉండిపోయింది. దానికి తగలని చోటు కొలిచి, బల్లమీద వెల్లకిలా పెట్టిన ప్యాన్ లోపల సుద్దతో గుర్తు పెట్టాను. అక్కడ రంధ్రం వేసి, లోపలివైపు ప్లగ్ బిగించే నట్టు వెల్డ్ చేయాలి.

మస్తాన్ గుర్తు మీద డ్రిల్లు ఆనించాడు. ఆగిపోయింది. ఎత్తితే తిరిగింది. పక్కనున్న పాత రేకు మీద పెడితే టకీమని రంధ్రం పడింది. మళ్లీ గుర్తు మీద పెడితే ఆగింది. మూడోసారి పక్కనే ఉన్న తిప్పేస్వామి పిండిమర నుంచి కరెంటు తీసుకున్నాం. మర ఆడుతూనే ఉంది, డ్రిల్లు మాత్రం ఆగింది.

"ఏందప్పా, నీ ప్యాన్‌కి నామీద కోపమా?" అన్నాడు మస్తాన్.

"నీ డ్రిల్లు ముసల్దైంది, భాయ్."

"నిన్న గేటుకంతా ఇదే కొట్టినా. నీ పుస్తకంలో దీనికి మందు ల్యాదా?"

షాపు వాకిట్లో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్న సరోజ లేచి వచ్చింది.

"కింద పండుకొని కొల్చినావు, ఇప్పుడు పైనుంచి గుర్తు పెట్నావు. జాకెట్టు గుడ్డ తిరగేసి కత్తిరిస్తే కుడి చెయ్యి ఎడమకి పోదా?"

"పుస్తకంలో ఇట్లనే ఉండాది" అన్నాను.

"కారు కింద పండుకొన్యాది పుస్తకమా, నువ్వా?"

మస్తాన్ పడీపడీ నవ్వాడు. నాకు రోషం వచ్చింది. నట్టు ఎత్తున రెండు తడిమట్టి ముద్దలు చేసి, ఒకటి నా గుర్తు మీద, ఇంకొకటి సరోజ చూపించిన రెండోవైపు పెట్టి ప్యాన్ బిగించాను. విప్పి చూస్తే నా ముద్ద ఫిల్టర్ కింద పడి రొట్టెలా అణిగిపోయింది. ఆమె ముద్ద చెక్కుచెదరలేదు. నా గుర్తు మీదే నట్టు పడి ఉంటే ఫిల్టర్‌కు ఆయిల్ అందేది కాదు, గేర్‌బాక్స్ కాలిపోయేది.

ప్యాన్ కడిగి సరోజ చూపించిన చోట డ్రిల్లు పెట్టాం. ఒక్క ఊపున దిగింది.

నట్టు వెల్డ్ చేసి, ప్లగ్ బిగించి, ప్యాన్ నిండా కిరసనాయిలు పోసి గంటసేపు చూశాం. చుక్క కారలేదు. కొత్త ఆయిల్‌తో కారు వెన్నలా సాగింది. లోపల మిగిలిన నలుపు కూడా పోవాలని నెల తర్వాత మళ్లీ ఆయిల్ మార్చాను; మస్తాన్ టీ తాగేలోపు, పానా ఒక్కటే పట్టుకుని పాతది వదిలేశాను. బళ్లారి మెకానిక్ వంగి చూసి, "యాడ చేపిచ్చినావప్పా?" అన్నాడు. "ఈడే, మా కురుగోడులో" అన్నాను. ఆ మాట చెప్పినప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

డ్రిల్లును ఎలక్ట్రీషియన్ వీరేశ్ విప్పి చూశాడు. ఏ లోపమూ లేదు. విద్యుత్తు గురించి గ్రంథాలయంలో ఉన్నవన్నీ తిరగేశాను. ఒకే ఒక్క చోట మూడుసార్లు ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసని అబద్ధం రాయలేను.

మస్తాన్‌కు, కరెంటు ఇచ్చిన తిప్పేస్వామికి, వీరేశ్‌కు, గడువు దాటినా పుస్తకాలు నా దగ్గరే ఉంచుకోనిచ్చిన లైబ్రేరియన్ గంగమ్మ గారికి, అందరికంటే ముందు చెప్పాల్సిన సరోజకు నా కృతజ్ఞతలు. డ్రిల్లుకు పేరు లేదు, ఉంటే అదీ ఇక్కడ రాసేవాణ్ణి.