తాలుకాయ రంగు మొహం

ఇప్పుడంటే అద్దం ముందు కాసేపు నిలబడగలుగుతున్నాను గానీ, ఆ ఏడో తరగతి రోజుల్లో జడ కూడా అద్దం చూడకుండానే వేసుకునేదాన్ని. నలుపు, ఎత్తుపన్ను, ఎవరైనా పలకరిస్తే నేలచూపులు (మాట్లాడాల్సిందంతా డైరీలో రాసుకునేదాన్ని, అది తిరిగి ఏమీ అడగదు కదా). అలాంటి నా నెత్తిన మా డ్రాయింగు మాస్టారు పిడుగు వేశారు. "ఎవరి మొహం వాళ్లు గీయండి. పేర్లు రాయొద్దు. శనివారం మీ పెద్దవాళ్లొచ్చి గుర్తుపట్టాలి."

పిల్లలందరం 'ఒంటి రంగు' అని పిలుచుకునే లేత గులాబీ పెన్సిలు ఒకటుండేది. దాన్ని నున్నగా పూసి, పన్ను లోపలికి నెట్టి, కళ్లు చెవులదాకా సాగదీశాను. ఆ అందగత్తెను చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను.

అమ్మానాన్నలు పత్తి తీతలో ఉండటంతో శనివారం నాయనమ్మ వచ్చింది, మిరప కల్లం నుంచి తిన్నగా, కొంగుకు అంటిన ఘాటుతో సహా. ఆవిడ ఏరడానికి కూర్చుందంటే రంగు వెలిసిన తాలుకాయ ఒక్కటీ ఆ చేతిని దాటిపోదు. గోడ పొడుగునా నడిచింది, వెనక్కొచ్చింది. నా బొమ్మ ముందునుంచి రెండుసార్లు ఆగకుండా వెళ్లిపోయింది.

"మా పిల్ల బొమ్మ పెట్టలేదేందండీ మాస్టారూ?" అంది, బడంతా వినపడేలా.

"ఉందమ్మా, సరిగ్గా చూడండి."

"ఏం చూసేది? అన్నీ తాలుకాయలేగా! ఎండ తగిలిన పిల్ల ఒక్కతీ లేదా మీ బళ్లో?"

మాస్టారు పగలబడి నవ్వారు. నిజమే, క్లాసు క్లాసంతా ఆ ఒక్క పెన్సిలే అరగదీశాం. నేను తల దించుకునే నా బొమ్మ చూపించాను. నాయనమ్మ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఇదెవరే? మా అత్త పన్నేదీ? ఆ పన్నుతోనే ఆవిడ ఊరంతటినీ గడగడలాడించింది. మీ తాత నలుపేదీ? ఇంతమందిమి కలిసి నిన్ను చేస్తే, అందర్నీ చెరిపేసి కూర్చున్నావా?"

మాస్టారు ఇంకో కాగితం ఇచ్చారు. నాయనమ్మ బెంచీ మీద నా పక్కన ఇరుక్కుంది. గోధుమరంగు మీద ఎరుపు, ఆపైన కాస్త నలుపు. "ఇంకొంచెం... ఆఁ, ఇప్పుడెండింది కాయ!" పన్ను మాత్రం దగ్గరుండి మూడుసార్లు పెద్దది చేయించింది (నా పన్ను నిజంగా అంత లేదు, ఇప్పటికీ చెబుతున్నాను). బొమ్మ గోడకెక్కాక వచ్చినవాళ్లందరినీ ఆపి, "అదుగో, నా మనవరాలు" అని ముక్కు మీద మడత పడేలా నవ్వుతూ చూపించింది. నేను మొదటిసారి తలెత్తి నా మొహాన్ని చూసుకున్నాను.

ఇప్పటికీ ఏటా పుట్టినరోజున డైరీలో నా బొమ్మ గీసుకుంటాను. ముందు పన్ను వేస్తాను. మిగతా మొహం దాని వెనకే సర్దుకుంటుంది. మొన్న గీస్తుంటే, నవ్వినప్పుడు ముక్కు మీద పడే మడత ఒకటి కొత్తగా కనిపించింది. చెరిపేద్దామని రబ్బరు తీశాను. ఆ మడత ఎవరిదో గుర్తొచ్చింది. రబ్బరు డబ్బాలో పెట్టేసి, మడతను ఇంకాస్త ముదురుగా దిద్దాను.