గేటు దాకా

మెకానిక్కుకి మేం పెట్టిన పేరు నిదానం. ముప్పై ఏళ్ళుగా మోటార్ సైకిళ్ళు బాగుచేస్తూ, నడిచిపోయే ముసలాణ్ణి కూడా దాటకుండా బండి నడపగలిగిన మనిషిని ఇంకేమని పిలుస్తాం? షెడ్డు ముందు నుంచి వెళ్ళే ప్రతివాడూ "ఏం నిదానమన్నా, ఇవాళైనా ఇల్లు చేరతావా?" అని ఒక మాట విసిరేవాడు. ఆయన స్పానర్ ఎత్తి చూపించి నవ్వేవాడు.

ఆ మెల్లదనం వెనక ఒక పని ఉంది. సైన్యంలో చనిపోయినవాళ్ళు పెట్టెలో తిరిగొచ్చినప్పుడు, రైల్వే స్టేషన్ నుంచి శ్మశానం దాకా వాళ్ళకి ముందు మోటార్ సైకిళ్ళ మీద వెళ్ళేది మేమే. ముప్పైమందిమి. జీతం లేదు, ఎవరూ రమ్మని అడగరు. నేను బడి బస్సు నడుపుతాను. ఒకాయనకి మందుల షాపుంది. ఒకావిడ పళ్ళ డాక్టరు. ఆరు కిలోమీటర్లూ ఫస్ట్ గేర్‌లో, మనిషి నడకతో పోవాలి. ఇంజన్ ఆగకూడదు, హారన్ మోగకూడదు. మామూలు బండి అలా నడిస్తే కాగిపోయి మధ్యదారిలో మొరాయిస్తుంది. అందుకే ముందురోజు ముప్పై బండ్లూ ఆయన షెడ్డుకొచ్చేవి. ఒక్కో ఇంజన్ దగ్గర చెవి పెట్టి విని, స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ వినేవాడు. తొందరపెడితే తిట్లు తప్పేవి కావు.

శ్మశానం గేటు దగ్గర మా పని అయిపోతుంది. లోపలిది కుటుంబానిది. మేం బయట వరసగా బండ్లు నిలిపి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, చివరి బంధువు బయటికొచ్చేదాకా మాటాపలుకూ లేకుండా నిలబడాలి. ఈ పద్ధతి పెట్టింది నిదానమే. కొత్తగా చేరినవాడొకడు ఒకసారి ఫోటో కోసం లోపలికి తొంగిచూస్తే, "వాళ్ళ ఏడుపు చూడ్డానికి నువ్వెవడివిరా?" అని ఆ రోజే గుంపులోంచి పంపించేశాడు.

అలా పదకొండేళ్ళలో నలభై రెండుసార్లు వెళ్ళాం. నలభై మూడోది ఆయన కూతురు.

ఇరవై ఆరేళ్ళ పిల్ల. సైన్యంలో లారీ నడిపేది. సెలవులకొచ్చినప్పుడు నా బస్సు రివర్స్ చేసి చూపించి, "బాబాయ్, నువ్వు అద్దాలు ఉత్త అలంకారానికి పెట్టుకున్నావా?" అని వెక్కిరించేది. ఆమె లారీ కింద మందుపాతర పేలింది. ఇలాంటి చావుకి అందమైన మాటలు వెతికేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కాబట్టి నేను వెతకను.

స్టేషన్‌కి బయలుదేరే ముందు వాళ్ళింట్లో ఉన్నాను. వదిన ఆయన జాకెట్ గుండీలు పెడుతోంది.

"ఈ ఒక్కసారికీ కార్లో నా పక్కన కూర్చోండి. బండి ఎవరో ఒకరు నడుపుతారు," అంది.

"గేటు దాకా నన్ను నడపనీ. పిల్లని నేనే తీసుకొస్తా. గేటు దగ్గర బండి దిగి నీ పక్కకొచ్చేస్తా."

"మట్టి వేసేటప్పుడు నేనొక్కదాన్నే చూడలేను. ముందే చెప్తున్నా."

"ఉంటానన్నానా లేదా?" అన్నాడాయన.

అంత బాగా ఆయన బండి నడపడం నేనెప్పుడూ చూడలేదు. పక్కనే నా బండి. ఆరు కిలోమీటర్లలో ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదు. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. ఆయన చూపు రోడ్డు మీదే ఉంది.

గేటొచ్చింది. అందరం వరసలో ఆగాం. పెట్టె ఉన్న వాహనం, దాని వెనక కారు లోపలికెళ్ళాయి. వదిన కిటికీలోంచి మా వైపు చూసింది. నేను ఎప్పట్లాగే హెల్మెట్ చంకలో పెట్టుకుని ఎదురుగా చూస్తూ నిలబడ్డాను. నా బుర్రకి కూడా ఏమీ తట్టలేదు. లోపల గౌరవ వందనం తుపాకుల మొదటి మోత వినబడ్డాకగానీ పక్కకి తిరగలేదు.

వరసలో మొదట, తన చోట, నిదానం నిలబడి ఉన్నాడు.

"అన్నా! నువ్విక్కడున్నావేంటి? లోపలికి పద!"

"వరసలో మాట్లాడకు," అన్నాడు మెల్లగా.

చెయ్యి పట్టి లాగితే హ్యాండిల్ వదల్లేదు. రెండో మోత, మూడో మోత అయిపోయాయి. నేనూ మందుల షాపాయనా కలిసి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళేసరికి గొయ్యి నిండిపోయింది. రెండు కుర్చీలు వేశారు. ఒకటి ఖాళీ. మడిచిన జెండా ఒళ్ళో పెట్టుకుని వదిన ఒక్కతే కూర్చుని ఉంది. ఆయన వైపు తలెత్తలేదు.

"అలవాటు వదినా, కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి," అని నేనే సర్దిచెప్పాను. ఊళ్ళో అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను. నేనూ అదే నమ్మాను. వదిన ఆయనకి అన్నం పెట్టేది, బట్టలు తీసిపెట్టేది, మాట మాత్రం లేదు. షెడ్డు తలుపులు తెరుచుకోలేదు.

రెండు నెలలకి మళ్ళీ కబురొచ్చింది. ఎవరో కుర్రాడి పెట్టె వస్తోందని. బండ్లు సెట్ చెయ్యాలని అడగడానికి వెళితే, నిదానం ముందుగదిలో బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు.

"నేను మర్చిపోలేదురా," అన్నాడు ఉన్నట్టుండి. "అలవాటూ కాదు, గిలవాటూ కాదు. నలభై రెండుసార్లు అక్కడ నిలబడ్డా. ప్రతిసారీ లోపలున్నది ఎవరి బిడ్డో. ఆ గేటు దాటితే అది నా బిడ్డయిపోతుంది. అందుకే దాటలేదు. ఎవరి బిడ్డో అనుకుంటూ నిలబడ్డా."

వదిన గుమ్మంలో ఉంది. మాకోసం తెచ్చిన టీ గ్లాసులు చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడొచ్చిందో చూడలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టి, రెండు నెలల తర్వాత మొదటిసారి ఆయన్ని చూసి మాట్లాడింది.

"నాకూ అలాగే అనుకోవాలనిపించింది," అంది. "నేనెక్కడ నిలబడాల్సిందో చెప్పండి."

ఆవిడ గుమ్మం దాటి లోపలికెళ్ళిపోయింది.