అవ్వకు బండి చూపించింది ఎవరు

పొద్దున చాయ తాగుతుంటే మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండురా. నిద్రలనే పోయిండు" అంది. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఉన్నమాట చెప్తాను, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కుళ్లు. ముప్పై ఏళ్లు గనిలో బొగ్గు నింపిన నేను ఇప్పుడు రోజూ దగ్గి దగ్గి లేస్తాను. ఆయన ఒక్క దగ్గు దగ్గకుండా, ఇంట్లో ఎవరినీ లేపకుండా వెళ్లిపోయాడు. చావులో కూడా నాకంటే ముందే మంచి చోటు చూసుకున్నాడు అనుకున్నాను.

మంచి చోటు చూసుకోవడం ఆయనకు వచ్చిన విద్య. ఆయనది కరీంనగర్ అవతల మెట్ట ఊరు. మక్కలు, ఆముదాలు పండించేవాడు. ఆ చుట్టుపక్కల రైలు పట్టా అన్నదే లేదు. ఏడాదికి రెండుసార్లు, పొలం పని తెరిపి ఇచ్చినప్పుడు, గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు వచ్చి నాలుగు రోజులు ఉండేవాడు. ఇతరుల చుట్టాలు ఉద్యోగం పెట్టించమనో, దవాఖానలో చూపించమనో వచ్చేవాళ్లు. మా బావ రైలు బండ్లు చూడటానికి వచ్చేవాడు. డెబ్బైల మొదటి మాట ఇది. ఆ లైన్ మీద బొగ్గు బండ్లు, ఢిల్లీ బండ్లు, మద్రాసు బండ్లు ఒకదాని తోక మీద ఒకటి నడిచేవి. ఇంకా పొగ ఇంజన్లు తిరిగే రోజులు.

అప్పటికి నేను అక్కడ పదేళ్ల నుంచి ఉన్నాను. నాకు తెలిసింది డ్యూటీ, క్వార్టర్, కల్లు దుకాణం. ఆయన వచ్చిన రెండో రోజుకే రామగుండం స్టేషన్‌కు ఇటు మైలు, అటు మైలు ఎక్కడ కూర్చుంటే ఏది కనిపిస్తుందో చెప్పేవాడు. స్టేషన్ వాళ్లను ఒక్క మాట అడిగేవాడు కాదు. స్టేషన్ ముందరి హోటలాయన దగ్గరికి పోయి, పాలు ఎప్పుడెప్పుడు పొయ్యి మీద పెడతావని అడిగేవాడు. హోటలాయన పాలు పెట్టిన కాసేపటికి పెద్ద బండి వచ్చేది. చెట్ల ఆకులు చేత్తో తుడిచి చూసేవాడు. వేలికి మసి అంటితే, అక్కడ ఎత్తు ఉంది, ఇంజను ముక్కుతుంది, అక్కడే కూర్చోవాలి అనేవాడు. "మనిషిని అడుగుతే మనిషికి తెల్సింది చెప్తడు బామ్మర్దీ. జాగను అడగాలె" అనేవాడు.

నా తోటి పనివాళ్లు ఆదివారం కల్లు మానుకుని ఆయన వెంట పోయేవాళ్లు. "మీ బావ ఎప్పుడొస్తడే" అని నన్నే అడిగేవాళ్లు. నాకు కడుపు మండేది. తట్ట నింపింది నేను, గనిలో టబ్బు బండి నింపింది నేను. ఆ బొగ్గు బండిలో పోతుంటే మెప్పు ఆయనకా?

ఒకసారి ఆయన మా అవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. అవ్వ అంటే నన్ను కన్న తల్లి. ఆమెకు రెండు కళ్లకూ పొర కమ్ముతోంది. ఆపరేషన్ అంటే చచ్చినా వద్దంది. అన్నం తింటూ ఒకటే మాట చెప్పింది. "కండ్లు ఉన్నప్పుడే ఒక్కసారి రైలును సూడాలె. అల్లుడు సూపిస్తనన్నడు."

"కొడుకు ఈడనే ఉన్నడు గద" అన్నాను.

"నీకేం తెలుస్తదిరా, నువ్వు భూమిల ఉంటవు" అంది.

నొప్పించాలని అన్న మాట కాదు. కానీ నా పెళ్లాంతో సహా అందరూ నవ్వారు. మా బావ ఒక్కడే నవ్వలేదు. అది ఇంకా మండించింది. రేపు డ్యూటీకి నాగా పెడతాను, అవ్వకు బండి నేనే చూపిస్తాను, ఎవరైనా రావాలనుకుంటే నా వెనక రండి అన్నాను. ఎల్లుండి ఆమె బస్సెక్కి ఊరికి పోవాలి. మళ్లీ వచ్చేసరికి చూపు ఉంటుందో లేదో. నాకు దొరికింది ఆ ఒక్క రోజే.

నేను తీసుకుపోయింది కొత్త గని కోసం వేసిన లైన్ దగ్గరికి. బొగ్గు పుట్టే చోటికి బండి రాక ఎక్కడికి పోతుంది? పట్టాల కింది కర్రలు కొత్తవి, కంకర కొత్తది, బోల్టులు బిగువుగా ఉన్నాయి. గనిలో మేము పట్టాను అట్లాగే చూస్తాం. లోపల నీళ్లలో, బురదలో ఉండే పట్టాకు మెరుపు ఎక్కడిది? కర్ర గట్టిగా ఉంటే చాలు, టబ్బు పోతుంది. నేలమీది లెక్క వేరని నాకు తట్టలేదు.

అవ్వను రాయి మీద కూర్చోబెట్టాను. మా బావ వంగి పట్టా మీద వేలు పెట్టి గీశాడు. వేలు ఎర్రగా అయింది. దాన్ని ఒకసారి చూసుకుని, ధోతి మడత లోపలి వైపు తుడుచుకుని, గమ్మున కూర్చున్నాడు. నేను చూశాను. ఏదో కనిపెట్టాడని తెలిసింది. ఏందని అడిగితే తక్కువైపోతానని అడగలేదు.

పొద్దు నడినెత్తి దాటింది. రొట్టెలు తిన్నాం. "వస్తాందా కొడకా" అని అవ్వ అడిగినప్పుడల్లా "వస్తది" అన్నాను. మేకలు మూడు వచ్చి పట్టాల నడుమ పడుకున్నాయి. కాస్త అవతలికి వెళ్తే రైల్వే కూలి ఒకతను ఎదురయ్యాడు. బండి ఎప్పుడు వస్తుందని అడిగాను. అతను నన్ను కింది నుంచి మీది దాకా చూసి, ఈ లైన్ ఇంకా మొదలే కాలేదు, పట్టా నిండా తుప్పు కనబడతలేదా అన్నాడు. అప్పుడు అర్థమైంది ఆ వేలు ఎందుకు ఎర్రగా అయిందో.

తిరిగి వచ్చాను. అవ్వ దగ్గరికి పోకుండా కొంచెం ఇవతలే ఆగాను. మా బావ నా మొహం చూశాడు. చూసి, అవ్వకు వినబడేటట్టు అన్నాడు: "బామ్మర్దీ, ఈడ రాకుంటే రైలు గేటు అవతల మలుపు కాడికి పోదమని పొద్దుగాల నువ్వే అంటివి గద. పోదమా మరి?"

నేను అట్లాంటి మాట ఏదీ అనలేదు. ఆ మలుపు ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

"ఔ, అంటిని" అన్నాను.

అవ్వ చెయ్యి పట్టుకుని నేను ముందు నడిచాను. ఆయన వెనక నడిచాడు. దారి చీలిన చోటల్లా నా వీపు మీద వేలితో పొడిచేవాడు, ఎడమకైతే ఎడమ పక్క, కుడికైతే కుడి పక్క. ఎద్దును తోలినట్టు తోలాడు. సాయంత్రానికి మలుపు చేరాం. అక్కడ పట్టాలు వెండి కడ్డీల్లా ఉన్నాయి. గేటు పడింది. దూరంగా పొగ లేచింది. ఢిల్లీ వైపు పోయే బండి మలుపు తిరుగుతూ ముక్కు నుంచి తోక దాకా ఒక్కసారి కనబడింది. నేల అదిరింది. అవ్వ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు సూపించిండు" అంది.

"మరి పదేండ్ల సంది ఈడ ఉంటుండు గద అత్తమ్మా, ఆయనకు తెల్వదా" అన్నాడు మా బావ.

తర్వాత రెండేళ్లకు అవ్వకు చూపు పూర్తిగా పోయింది. చీకట్లో కూర్చుని, వచ్చిన ప్రతి మనిషికీ ఆ బండి సంగతి చెప్పేది, నా పేరు పెట్టి. నేను కాదనలేదు. ఆమె పోయేదాకా కాదనలేదు. మా బావ కూడా, కల్లు తాగినప్పుడైనా, ఒక్కసారి ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాకీ తీరేది. నేను నాలుగు తిట్టి సమానమయ్యేవాణ్ణి. ఆ అవకాశం ఆయన నాకు ఇవ్వలేదు. అందుకే యాభై ఏళ్లు ఆయన్ను చూస్తే కుళ్లాను.

పదోనాడు వాళ్ల ఊళ్లో నేను అరుగు మీద కూర్చుంటే ఒక ముసలాయన నా పక్కకు జరిగి, "నువ్వేనట గద మీ అవ్వకు రైలు సూపించింది. మీ బావ ఎప్పుడూ జెప్తుండె" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. నేను కాదు, ఆయనే చూపించాడు అని అందరి ముందూ మొత్తం చెప్పాను, తుప్పు సంగతి, మేకల సంగతి, వీపు మీద వేలు సంగతి. తర్వాత అందరూ ఒకటే మాట, ఎంత మనిషి, ఎంత మనిషి అని. నా గురించి కాదు. నిజం చెప్పింది నేను, మెప్పు మళ్లీ ఆయనకే పోయింది. మా అక్క మాత్రం నా దగ్గరికి వచ్చి, "నాకు గూడ జెప్పలేదురా" అని, చాయ గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఒక్కటి మాత్రం ఆ అరుగు మీద చెప్పలేదు. మీకు చెప్తాను. మలుపు దగ్గర బండి పోతుంటే నేను ఆయన వైపు చూశాను, మొహంలో గెలిచిన నవ్వు ఉంటుందని. గాలి మా వైపే కొడుతోంది, ఇంజను నుంచి నలుసులు రాలుతున్నాయి. ఆయన గాలి వచ్చే పక్కన, అవ్వకు బండి కనబడే సందు వదిలి నిలబడి, తువ్వాలను రెండు చేతులా చాపి పట్టుకున్నాడు, అవ్వ కళ్లలో నలుసు పడకుండా. వీపు బండి వైపు. అంగీ మీద నల్లగా చుక్కలు పడుతున్నాయి. రైలు డబ్బాలు ఒక్కొక్కటే పోయాయి. చివరి డబ్బా మలుపు దాటేదాకా మా బావ ఒక్కసారి కూడా బండి వైపు తల తిప్పలేదు.